దేవుని గురిగిలో చెయ్యి

మా ఇంట్లో పొయ్యి వెలిగించే ముందు ఒక పని జరిగి తీరాలి. ఆ పూటకు కావలసిన జొన్నలు చాటలో పోసుకున్నాక, అవ్వ, అంటే మా అమ్మ, అందులోంచి ఒక పిడికెడు తీసి, గోడ గూట్లో ఉన్న చిన్న మట్టి గురిగిలో వేసేది. ఆ తర్వాతే ఇసుర్రాయి తిరిగేది. పొద్దున ఒక పిడికెడు, మాపటికి ఒక పిడికెడు. ఆదివారం ఆ గురిగిని నెత్తిన పెట్టుకుని ప్రార్థన గుడికి పోయి, ముందు పెట్టిన పెద్ద గంపలో ఒంపేది. చొప్పదండి దగ్గర మా పల్లెలో మిషన్‌లో కలిసి క్రైస్తవులైన ఇళ్లు పది పన్నెండు ఉండేవి. అన్ని ఇళ్లలోనూ అదే పద్ధతి. ఒకరింటి జొన్నలు, ఇంకొకరింటి మక్కలు, నాట్లకు కూలి పోయిన వారం ఎవరో ఒకరింటి వడ్లు, అన్నీ ఆ గంపలో కలిసిపోయేవి. ఆ కలగలుపు గింజలను వాడ చివర ఉండే కండ్లు కనపడని ముసలవ్వకు ఇచ్చేవాళ్లు. ఆమెకు నా అన్నవాళ్లు లేరు. మా పిడికిళ్ల మీదే ఆమె పొయ్యి మండేది.

"చేను కావలికి పెట్టినోడు కంకులు తెంపుకుంటడా బిడ్డా? మనం గూడ గంతే. కావలోళ్లం. ఏదీ మనది గాదు" అనేది అవ్వ. అనడమే కాదు, అట్లాగే బతికేది. ఇంకొకరి కొడవలి తెస్తే తెచ్చినప్పటికంటే పదును పెట్టించి ఇచ్చేది. చాటలోంచి ఒక గింజ జారి నేల మీద పడితే వంగి ఏరేది. నేను ఏరకపోతే నెత్తి మీద ఒక్క మొట్టికాయ. నాకు ఒళ్లు మండేది. గింజ మనది కానప్పుడు మొట్టికాయ మాత్రం నాదెట్లా అయిందని ఒకసారి అడిగాను కూడా. దానికి ఇంకో మొట్టికాయ పడింది.

చిన్నప్పుడు నేను మంచి పిల్లను కాదు. పొగరుబోతును. అన్నిటికంటే నాకు చచ్చేంత కష్టం ఏమిటంటే, ఒకరి ముందు నిలబడి అడగడం. అందులోనూ మా పెద్దవ్వను అడగడం. మా నాన్నను బాపు అనేవాళ్లం. బాపు అన్న భార్య ఆమె. పది అడుగుల దూరంలో ఇల్లు. వాళ్లు మాతో పాటు మిషన్‌లో కలవలేదు. నోరు పెద్దది, మనసు దొడ్డది. కానీ ఆ వయసులో మనకు నోరే వినబడుతుంది, మనసు కనబడదు. "ఏమే పిల్లా, మీ దేవునికి గూడ గట్కేనా? రోజు పిడికెడు గుంజుకుంటడు గని, తిరిగి పిడికెడు పెట్టడా?" అని నవ్వేది. మేం తినే జొన్నసంకటిని ఎగతాళి చేసిన ఆ గట్క మాటకు ఆమె ఇంటి గుమ్మం తొక్కకూడదని నేను ఒట్టు పెట్టుకున్నాను. ఆమెకు ఆ మాట అన్నట్టు కూడా గుర్తుండి ఉండదు.

పోలీస్ యాక్షన్ అయిపోయిన కొన్నేళ్లకు ఒక వానాకాలం వానలు మొగం చాటేశాయి. చెరువు కింద మా చిన్న మడి బీడుపడింది. గుమ్మిలో జొన్నలు రోజురోజుకూ కిందికి దిగిపోయేవి. అప్పుడు నాకు పదకొండేళ్లు. నా తర్వాత ఆరేళ్ల చెల్లె, మూడేళ్ల తమ్ముడు. అవ్వకు నెలలు నిండాయి.

ఒకనాడు తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. ఆ రోజంతా గడిచింది. మర్నాడు పొద్దెక్కినా పిల్ల బయటికి రాలేదు. మంత్రసాని బయటికొచ్చి చేతులు కడుక్కుంటూ బాపుతో, "నాతోని గాదు తమ్మీ. పిల్ల అడ్డం తిరిగింది. కరీంనగర్ దవాఖానకు తీస్కపోండ్రి. జల్ది" అంది. ఆ మాట విన్నప్పుడు బాపు మొహం చూశాను. బాపు మొహంలో అంత భయం నేను అంతకు ముందెన్నడూ చూడలేదు. ఆయన భయపడ్డాడంటే ఇంక మాకు దిక్కెవరు అనుకున్నాను.

ఎవరిదో బండి అడిగి, గడ్డి పరిచి, గొంగడి వేసి అవ్వను పడుకోబెట్టారు. బండి కదిలేముందు అవ్వ నన్ను దగ్గరకు రమ్మని సైగ చేసింది. పెదవులు ఎండిపోయి పగిలి ఉన్నాయి.

"చెల్లెను తమ్మున్ని చూస్కో. గింజలు మూడు దినాలకొస్తయి. అయిపోతే పెద్దవ్వనడుగు. దేవుని గురిగి మాత్రం ముట్టకు బిడ్డా."

"సరే అవ్వా."

"ముట్టనని చెప్పు."

"ముట్టను."

ఎద్దులు కదిలాయి. గుడి పక్క మలుపు తిరిగేదాకా బండి చప్పుడు వింటూ నిలబడ్డాను.

మూడు రోజులని అవ్వ అన్నది ఆమె లెక్క. నా చేతిలో రెండు రోజుల్లోనే గుమ్మి అడుగు కనబడింది. పెత్తనం కొత్త కదా, చెల్లె ఇంకాస్త అంటే ఇంకాస్త పెట్టాను. అయినా పొద్దున మాపున దేవుని పిడికెడు మాత్రం తప్పలేదు. మూడో రోజు మధ్యాహ్నానికి గుమ్మిలో దుమ్ము, పురుగులు మాత్రమే మిగిలాయి. తమ్ముడు ఏడుస్తూ ఏడుస్తూ నా లంగా అంచు నోట్లో పెట్టుకుని చీకుతున్నాడు. అది చూసి లేచి పెద్దవ్వ ఇంటికి పోయాను. ఒట్టును మనసులోనే మూటగట్టి పక్కన పెట్టాను.

గుమ్మం దగ్గరే ఆగిపోయాను. లోపల పెద్దవ్వ ఎవరితోనో మాట్లాడుతూ పకపకా నవ్వుతోంది. దేనికి నవ్విందో నాకు తెలియదు. ఈనాటికీ తెలియదు. నా గురించే అనుకున్నాను. చేతిలో ఖాళీ చాట పట్టుకుని, ఆ నవ్వులోకి పోయి నిలబడడం నా వల్ల కాలేదు. వెనక్కి తిరిగాను. పది అడుగులు. ఆ పది అడుగులను నేను తర్వాత ఎన్నిసార్లు తిరిగి నడిచానో చెప్పలేను.

ఇంటికొచ్చి తలుపు దగ్గరకు వేసి గూట్లోంచి గురిగి దించాను. అందులో చెయ్యి పెట్టాను. ఎంత చల్లగా ఉన్నాయో ఆ గింజలు. నాకు నేనే నచ్చజెప్పుకున్నాను: అవ్వ పిడికిలి పెద్దది, నాది చిన్నది. నావి రెండు పిడికెళ్లయితే అవ్వది ఒకటి. కాబట్టి ఏడు తీసినా అవ్వ లెక్కన మూడున్నరే. అవ్వ రాగానే బాపు గింజలు తెస్తాడు, అప్పుడు నింపేస్తాను. ఇట్లా ఏడు పిడికెళ్లు చాటలో పోశాను.

ఇప్పుడు చెప్పబోయేది మీరు నమ్మినా నమ్మకున్నా నిజం. ఆ చాట ముందు కూర్చుని, ఇసుర్రాయిలో పోయబోతూ, అలవాటు కొద్దీ అందులోంచి ఒక పిడికెడు తీసి దేవుని గురిగిలో వేశాను! దొంగిలించిన దేవుని గింజల్లోంచి దేవునికి భాగం. వేశాక గాని నా చెయ్యి ఏం చేసిందో నాకు తెలియలేదు. నవ్వొచ్చింది. చెల్లె ఎందుకు నవ్వుతున్నావని అడిగితే ఏం లేదన్నాను. గట్క వండి ముగ్గురం తిన్నాం. కమ్మగా ఉంది. తమ్ముడు గిన్నె నాకాడు, నేను కుండ గోకాను. కడుపు నిండాక హాయిగా అనిపించింది కూడా. ఆ మాట చెప్పకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

మర్నాడు ఆదివారం. గురిగి నెత్తిన పెట్టుకుని, తమ్మున్ని చంకన వేసుకుని గుడికి పోయాను. కోతల పండుగకు అందరూ తమ తమ భాగాలు తేవాలని చెప్పడానికి మిషన్ అయ్యగారు ఆ వారం మా ఊరొచ్చారు. సన్నగా, పొడుగ్గా, తెల్లటి చొక్కాలో ఉండేవాడాయన. కోపంగా మాట్లాడేవాడు కాదు. మెల్లగా మాట్లాడేవాడు, అదే ఎక్కువ భయం. ఆయన ఆ రోజు పొలం అమ్ముకున్న మొగుడు పెళ్లాల కథ చెప్పాడు. వచ్చిన సొమ్ములో సగం దాచుకుని, మిగతాది తెచ్చి ఇదే మొత్తమని దేవుని సన్నిధిలో చెప్పారు. ముందు మొగుడు అక్కడికక్కడే పడి ప్రాణం విడిచాడు. మూడు గంటల తర్వాత పెళ్లాం వచ్చింది, ఆమెను అడిగారు, ఆమె కూడా అదే అబద్ధం చెప్పింది. మొగుణ్ని పాతిపెట్టినవాళ్లు ఇంకా గుమ్మంలోనే ఉన్నారు. ఆమెను కూడా మోసుకుపోయారు.

"దేవుని భాగంల చెయ్యి పెడితే ఏమైతదో చూసిండ్రా?" అని అయ్యగారు ఆగారు. నా చంకలో తమ్ముడు ఎక్కిళ్లు పెట్టాడు.

అందరూ లేచి వరసగా గంపలో ఒంపుతున్నారు. నా వంతు వచ్చింది. ఒంపేటప్పుడు గురిగి ఎంత తేలిగ్గా ఉందో నాకే తెలుస్తోంది. కిందపడి చస్తాననే అనుకున్నాను. కళ్లు గట్టిగా మూసుకున్నాను. గింజలు గంపలో పడ్డాయి. నేను పడలేదు. సంఘపెద్ద నా తల నిమిరి, "అవ్వ లేకున్న గురిగి మర్చిపోలే. బంగారు బిడ్డవే" అన్నాడు. ఆయన నన్ను లాగి ఒక్కటి చరిచి ఉంటే ఎంత బాగుండేది! తన్నులు తిని ఏడ్చి మర్చిపోయేదాన్ని. ఎవరికీ తెలియలేదు కాబట్టి, ఇది ఇంక నాకూ దేవుడికీ మధ్యే మిగిలింది.

గుడి బయట ముసలవ్వ కొంగు పరుచుకుని కూర్చుంది. గింజలు ఆమె కొంగులో పోశారు. వేళ్లతో తడుముకుంటూ, "గీ వారం జర తక్కువొచ్చినట్టున్నయి గదా బిడ్డా" అంది. ఎవరితో అందో తెలియదు. ఆమె ముందు ఉన్నది నేనే. "కరువు గదా అవ్వా" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. నిజమే కదా, కరువే. ఆమె తల ఊపి మూట కట్టుకుంది.

ఇంటికొచ్చాక కూర్చుని ఆలోచించాను. పదకొండేళ్ల పిల్ల ఆలోచన. కథలో అబద్ధమాడినవాళ్లు పడిపోయారు. నేను పడలేదు. అయితే దేవుడు వదిలేశాడా? వదలడు. అయ్యగారు అట్లా చెప్పలేదు. నా మీద పడాల్సింది ఇంకెవరి మీదో పడబోతోంది. ఎవరి మీద? మా ఇంట్లో చావుకు దగ్గరగా ఉన్నది ఎవరు? ఆ ప్రశ్న దగ్గరికి రాగానే అమ్మో, వద్దు అని గట్టిగానే అరిచాను. చెల్లె భయపడి నా వంక చూసింది.

సోమవారం పొద్దున బాపు నడిచి వచ్చాడు. గడ్డం పెరిగి, కళ్లు గుంటలు పడి ఉన్నాయి. మా మొహాలు చూసి నేరుగా పెద్దవ్వ ఇంటికి పోయాడు. నేను వెనకాలే పోయి గోడ పక్కన నిలబడ్డాను.

"వదినే, నువ్వు జర నాతోని రావాలె. ఆమె కాడ ఆడమనిషి ఒక్కరు లేరు. నొప్పులు ఆగినయి, పిల్ల ఇంక కడుపులనే ఉంది, జ్వరం దిగుతలే. రెండు పానాలల్ల ఒక్కటే దక్కుతదేమో అంటున్నరు. గా ఒక్కటన్న దక్కుతదో లేదో..." అని బాపు అక్కడే అరుగు మీద కూలబడి ఏడ్చాడు. మగవాళ్లు అట్లా ఏడుస్తారని నాకు తెలియదు.

"ఏడ్వకు. లే. నేనొస్త పా" అని పెద్దవ్వ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుంది. పోయే ముందు మా ఇంట్లోకి వచ్చి గుమ్మిలోకి తొంగి చూసింది. నా వంక తిరిగింది. "ఏమే, నోరు లేదా నీకు? గుమ్మి ఊడ్సి పెట్టుకోని ఎన్ని దినాలాయె? పది అడుగులు నడిస్తె కాళ్లిరుగుతయా?" అని తిట్టుకుంటూ వాళ్లింటికి పోయి తట్టెడు జొన్నలు తెచ్చి గుమ్మిలో కుమ్మరించింది. "తినుండ్రి. ఫికర్ చెయ్యకు. మీ అవ్వ గట్టిది" అని నా చెంప తట్టి బాపు వెంట వెళ్లిపోయింది.

అంతే. అడిగి ఉంటే అంతే అయ్యేది. తిట్లు రెండు, జొన్నలు తట్టెడు. గుమ్మి ముందు కూర్చుని ఆ జొన్నలు చూస్తూ, నా పొగరుకు నా చెప్పుతో నేను కొట్టుకోవాలనిపించింది.

ఆ మిట్టమధ్యాహ్నం చెల్లెను, తమ్మున్ని పడుకోబెట్టి గుడి వెనక్కి పోయాను. గుడి తాళం వేసి ఉంటుంది. వెనక గోడకు ఆనుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. ఎండకు నేల కాలుతోంది. చిన్నప్పటి నుంచి నేర్పిన ప్రార్థన మాటలేవీ గుర్తు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

"ప్రభువా, గింజలు తిన్నది నేను. అవ్వకు తెల్వది. అవ్వను నాకియ్యి. ఒక్కటే దక్కుతదంట గదా, కడుపుల పిల్లను నువ్వు తీస్కో. అవ్వను తోలియ్యి."

చెప్పేశాను. చెప్పాక అర్థమైంది ఏమన్నానో. గబుక్కున నోటి మీద చెయ్యి పెట్టుకున్నాను. కాదు ప్రభువా, అట్ల కాదు అని వెనక్కి తీసుకోవాలని చూశాను. కానీ వెనక్కి తీసుకుంటే అవ్వ సంగతేమిటి? పిల్లను తీసుకోవద్దంటే, అవ్వను తీసుకొమ్మన్నట్టే కదా. అటు అనలేక ఇటు అనలేక అక్కడే కూర్చుండిపోయాను. చివరికి నా మాట నేను వెనక్కి తీసుకోలేదు. అట్లాగే వదిలేసి లేచి వచ్చాను.

ఆ తర్వాత నాలుగో రోజు మాపటికి బండి వచ్చింది. ముందు పెద్దవ్వ దిగింది. తర్వాత బాపు అవ్వను రెండు చేతుల మీద దించాడు. సగం మనిషి అయిపోయింది. కానీ అవ్వే. చెల్లె, తమ్ముడు మీద పడిపోయారు. నేను మాత్రం బండిలోకి చూశాను. గడ్డి, గొంగడి, ఒక ఇత్తడి చెంబు. ఇంకేమీ లేదు.

"ఆడపిల్ల. ఒక్క గడియ బతికింది" అంది పెద్దవ్వ ఎవరో అడిగితే.

అంటే దేవుడు విన్నాడు. నేను అడిగింది అడిగినట్టు, ఒక్క అక్షరం తప్పకుండా ఇచ్చాడు. ప్రార్థన వినబడదేమోనని భయపడేవాళ్లను నేను చూశాను. నా భయం ఆ రోజు నుంచి దానికి తలకిందులు. అవ్వ నన్ను దగ్గరకు తీసుకుని, "గింజలు సరిపోయినయా బిడ్డా?" అని అడిగింది. "పెద్దవ్వ ఇచ్చింది" అన్నాను. ఆమె నా నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. అది ఎంత కాలిందో నాకు తెలుసు.

ఆ తర్వాత పద్దెనిమిదో ఏట నాకు పెళ్లయింది. ఆదిలాబాద్‌లో పత్తి మిల్లులో పనిచేసే అతను. చుట్టూ సగం మంది మరాఠీ మాట్లాడే వాడ, పత్తికాలంలో ఇంట్లో వంటపాత్రల మీద కూడా దూది నుసి పడే ఊరు. కాపురానికి పోతూ నేనూ ఒక గురిగి పట్టుకుపోయాను. కానీ అవ్వలాగా ఒక పిడికెడు కాదు. రెండు వేసేదాన్ని. కొన్నాళ్లకు మూడు. మా ఆయన నవ్వేవాడు, నాది పెద్ద భక్తి అనుకునేవాడు. పాస్టరు గారు సంఘంలో అందరి ముందు నన్ను మెచ్చుకున్నాడు, ఈ చెల్లెలిని చూసి నేర్చుకోండి అని. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అది ఇవ్వడం కాదు. లంచం. గల్లీ చివర పోలీసుకు బండివాడు పెట్టినట్టే నేనూ పెడుతున్నాను, మా జోలికి రాకు సామీ అని.

మొదటి కాన్పు అవ్వగారింట్లో జరిగింది. కొడుకు. ఆ తొమ్మిది నెలలూ ఎట్లా గడిచాయో అడగొద్దు. కడుపులో కదలిక కాసేపు ఆగితే నాకు ఊపిరి ఆగేది. వాడు పుట్టాక కూడా ఏడాది దాకా ముక్కు కింద వేలు పెట్టి చూస్తూనే ఉన్నాను. వాడు బతికాడు. అయితే నాకు ధైర్యం రాలేదు. కొడుకు కాబట్టి వదిలాడు, నేను ఆడపిల్లను కదా ఇచ్చింది, ఆడపిల్ల పుడితే ఆమెదే వంతు అనుకున్నాను. భయానికి బుద్ధి ఉండదు, కానీ దాని లెక్క దానికి ఉంటుంది.

రెండో కాన్పుకు నేను కదలలేకపోయాను. కాళ్లు నీరుపట్టాయి. అవ్వే బస్సెక్కి ఆదిలాబాద్ వచ్చింది. వచ్చిన మర్నాడు పొద్దున నేను చాటలో జొన్నలు పోసుకుని గురిగిలో పిడికెళ్లు వేస్తున్నాను. ఐదోది వేస్తుంటే అవ్వ నా మణికట్టు పట్టుకుంది.

"గదేందే? ఒక్క పిడికెడు చాలదా?"

"ఉండనీ అవ్వా."

"ఇంట్ల వండుకునేటియే గింతంత ఉన్నయి. ఎవలకు భయపడి వేస్తున్నవ్?"

భయపడి అన్న మాట ఆమె ఊరికే అందో, తెలిసి అందో. నాలో ఏదో తెగిపోయింది. చాట పక్కకు తోసి మొత్తం చెప్పేశాను. ఏడు పిడికెళ్లు, పెద్దవ్వ గుమ్మం, ముసలవ్వ కొంగు, అయ్యగారి కథ. అన్నీ చెప్పి, గుడి వెనక గోడ దగ్గరికి వచ్చేసరికి ఆగాను. అయినా చెప్పాను. "పిల్లను తీస్కోని నిన్ను తోలియ్యమన్న అవ్వా. నేనే అడిగిన. గా పిల్లను నేనే సంపిన. ఇప్పుడు దీన్ని తీస్కపోతడు. నాకెరికే" అని కడుపు పట్టుకుని ఏడ్చాను.

అవ్వ చాట తన ముందుకు లాక్కుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. ఒక రాయి. ఇంకో రాయి. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టాలనే ఎదురుచూశాను. లేచి ఊరికి వెళ్లిపోతుందేమో అని కూడా అనిపించింది. ఆమె వేళ్లు గింజల్లో ఆగిపోయాయి.

"గా దినం దవాఖానల నన్నొక్కదాన్నే లోపట పండవెట్టిండ్రు, పెద్దవ్వను గూడ రానియ్యలే" అంది, చాటలోకే చూస్తూ. "మీ బాపు తలుపవతల ఏడుస్తుండు. నర్సమ్మ చెయ్యి పట్టుకొని, దేవుని తల్సుకో తల్లీ అన్నది. తల్సుకున్న. ఏం అడిగిన్నో ఎరికేనా?"

నేను చాట అంచు పట్టుకున్నాను.

"ఇంటికాడ ముగ్గురున్నరయ్యా, పెద్దది పదకొండేండ్లది, దానికి గంజి కాసుడు గూడ తెల్వది అన్న. గీ పిల్లను నువ్వే ఉంచుకో. నన్ను ఇంటికి తోలియ్యి అన్న. గింతే అన్న." ఇంకో రాయి ఏరి పక్కన వేసింది. "కన్నతల్లిని. నా కడుపుల ఉండంగనే దాన్ని ఇచ్చేసిన. గడియ సేపు ఏడ్చింది బిడ్డా. నా పక్కల్నే పండుకోని ఏడ్చింది. నేను దాని దిక్కు గూడ చూడలే. చూస్తె మాట తప్పుతనేమో అని."

"అవ్వా..."

"ఎవలికి చెప్పలే. మీ బాపుకు గూడ చెప్పలే. నువ్వు నీ పాపమనుకున్నవ్, నేను నాదనుకున్న. పదిహేనేండ్లు ఒకరికి తెల్వకుంట ఒకరం దొంగల లెక్క బతికినం."

నేను ఆమె ఒళ్లో పడ్డాను. ఇద్దరం ఎంతసేపు ఏడ్చామో తెలియదు. పొయ్యి వెలిగించలేదు. మధ్యాహ్నం మా ఆయన మిల్లు నుంచి వచ్చి, చల్లారిన పొయ్యిని, మమ్మల్ని చూసి, ఎవరు పోయారని అడిగాడు. ఎవరూ పోలేదని అవ్వ లేచి కళ్లు తుడుచుకుంది. తర్వాత నా పక్కకు వచ్చి చెవిలో గట్టిగా చెప్పింది:

"ఇను. గీ పిల్ల గురించి ఆయనను నువ్వేం అడగకు. నేనేం అడగ. ఇది కావాల్నని గాదు, అది తీస్కొమ్మని గాదు. ఇద్దరం నోరు మూసుకోని ఉందాం. అడిగితె ఇస్తడు. గదే మన భయం."

తొమ్మిది రోజులకు పొద్దు పొడిచాక నొప్పులు వచ్చాయి. పక్కింటి మరాఠీ మంత్రసాని వచ్చింది. నా కాళ్ల దగ్గర కూర్చుని, "ఘాబరూ నకో బాయి" అని, భయపడకని పదేపదే చెబుతూనే ఉంది. ఆమె గొంతు తప్ప ఆ గదిలో మాటలు లేవు. నేను పళ్ల మధ్య బట్ట పెట్టుకున్నాను. ఎన్నిసార్లు ప్రభువా అన్న మాట నాలుక దాకా వచ్చిందో, అన్నిసార్లు బట్ట కొరికాను. తలవైపు అవ్వ కూర్చుని నా రెండు చేతులూ పట్టుకుంది. ఆమె పెదవులు కూడా బిగబట్టే ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ప్రార్థన చేసిన ఇద్దరు ఆడవాళ్లం, ఆ పూట దేవుణ్ని ఒక్క మాట కూడా అడగకుండా ఉన్నాం. అంత కష్టమైన పని నేను మళ్లీ చెయ్యలేదు.

పిల్ల ఏడ్చింది. "ముల్గీ" అంది మంత్రసాని నవ్వుతూ. ఆడపిల్ల. బొడ్డు కోసి, బట్టలో చుట్టి, అమ్మమ్మవు కదా ముందు నువ్వే తీసుకొమ్మన్నట్టు అవ్వ వైపు చాచింది. అవ్వ చేతులు చాచబోయి వెనక్కి లాక్కుంది. కొంగులో దాచుకుంది. "ఆమెకియ్యి" అని నన్ను చూపించి, తలుపు తీసుకుని బయటికి పోయింది.

మంత్రసాని వింతగా చూసింది. ఆడపిల్ల పుట్టిందని ముసలమ్మకు కోపమొచ్చిందనుకుంది కాబోలు, పోతూ పోతూ నన్ను ఓదార్చింది కూడా. నేనేం చెప్పగలను? ఆ రోజు, మర్నాడు అవ్వ నాకు పత్యం వండింది, బట్టలు ఉతికింది, నా కొడుక్కు స్నానం పోసింది. పాప ఏడిస్తే మాత్రం నన్ను పిలిచేది.

మూడో రోజు మధ్యాహ్నం పాప ఏడ్చినప్పుడు నేను కళ్లు మూసుకుని కదలకుండా పడుకున్నాను. అవ్వ రెండుసార్లు పిలిచింది. పలకలేదు. పాప ఏడుస్తూనే ఉంది. చాలాసేపటికి అడుగుల చప్పుడు వినిపించింది, పక్క మీద బరువు తగ్గింది, ఏడుపు ఆగింది. రెప్పల సందులోంచి చూశాను. అవ్వ పాపను ఎత్తుకుని కిటికీ దగ్గర వెలుతురులో నిలబడి ఉంది. మొహంలో మొహం పెట్టి దాని వంకే చూస్తోంది.